ఖాజాబీ ఖాలా జున్ను పెట్టని ఏడాది

మొన్న ఉదయం పక్కింటి కోడలు ఒక స్టీలు డబ్బా తెచ్చి ఇచ్చింది. మూత తీయగానే ముందు ఏలకుల వాసన, తర్వాత బెల్లం వాసన వచ్చాయి. జున్ను. ఇంకా వెచ్చగా ఉంది. చెంచా నోటిదాకా తీసుకుపోయి ఆగాను. దూడ తాగిందా అని అడిగాను. ఆ అమ్మాయి నన్ను ఒక క్షణం చూసి, ఇప్పుడు బజారులో జున్ను పొడి ప్యాకెట్ దొరుకుతుందని, పాలల్లో కలిపి ఉడికిస్తే చాలని, ఇందులో దూడ ఎక్కడా లేదని చెప్పింది. పెద్దవాళ్ళకు మందుల చీటీ వివరించేటప్పుడు వాడే గొంతుతో చెప్పింది. నేను తిన్నాను. బాగానే ఉంది.

ఆ ప్రశ్న నాది కాదు, ఖాజాబీ ఖాలాది. ఆమె ఈ వానాకాలం మొదట్లో చనిపోయింది. ఆమెను ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎరిగినవాళ్ళకు నేను చెప్పవలసిందేమీ లేదు. వాళ్ళలో ఆమె జున్ను తిననివాళ్ళు లేరు, ఆమె తిట్లు తిననివాళ్ళూ లేరు. ఒక ఏడాది మాత్రం అందరికీ తిట్లే దొరికాయి, జున్ను దొరకలేదు. ఆ ఏడాది గురించి చెబితే ఆమె గురించి చెప్పినట్టే.

ఎనభైల చివర్లో పెళ్ళై గోదావరిఖని వచ్చాను. మాది పెద్దపల్లి దగ్గర ఒక పల్లె. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, మేనత్త పెంచింది. మా ఆయన గనిలో పని చేసేవాడు. అక్కడ గనిని బాయి అంటారు. షిఫ్టు ప్రకారం ఆయన నిద్ర, ఆయన నిద్ర ప్రకారం మా ఇంట్లో చప్పుడు. ఇంట్లో మా అత్తమ్మ రాజవ్వ, నేను. మా క్వార్టర్ల వరుస చివర ఖాజాబీ వాళ్ళది, పిన్నిని పిలిచినట్టు ఆమెను మేం ఖాలా అనేవాళ్ళం. ఆమె భర్త హైదర్ భాయ్ బొగ్గు టబ్బులు లాగే హాలేజీ ఇంజన్ దగ్గర ఫిట్టరు. కూతురికి పెళ్ళి చేసి మంచిర్యాల పంపారు. ఆ తర్వాత ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరూ, ఒక బర్రె. దాన్ని వాళ్ళ క్వార్టరు వెనక, పాత కన్వేయర్ బెల్టు ముక్కలు కప్పిన కొట్టంలో కట్టేవారు. దాని పేరు బేగం. ఆ పేరు హైదర్ భాయ్ పెట్టాడు. మా ఇంట్ల ఇద్దరు బేగంలు, ఒకతి పాలిస్తది, ఒకతి తిడ్తది అని ఆయన డ్యూటీలో చెప్పుకునేవాడట. ఇంట్లో మాత్రం ఆ మాట ఎప్పుడూ అన్నట్టు లేదు.

ఖాలా పొట్టి మనిషి. గొంతు పొట్టిది కాదు. నీళ్ళ నల్లా దగ్గర ఆమె మాట్లాడితే మా వరుసలో ఈ చివర పొయ్యి మీద కూర కలుపుతున్న నాకు వినిపించేది. ఆమెకు పెద్దగా ఏమీ తెలియదు, తెలిసినట్టు నటించడమూ తెలియదు. వరుసలో అందరూ నమ్మేవన్నీ ఆమె కూడా నమ్మేది. తేడా ఒక్కటే. నమ్మింది తప్పని తేలితే, మర్నాటికి దాన్ని వదిలేసేది. మనలో చాలామందిమి దానికి ఒక జన్మ తీసుకుంటాం.

మా వరుసలో ఎవరి బర్రె ఈనినా మొదటి రోజుల ముర్రుపాలు అన్ని ఇళ్ళకూ పంచేవారు. జున్ను వండుకున్న ఇల్లు ఆ గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు, గుప్పెడు బియ్యమో చిన్న బెల్లం ముక్కో వేసి పంపాలి. పాలు ఇవ్వనన్న ఇల్లు నేను వినలేదు. కొట్టాలు కట్టకూడదని చెప్పడానికి అప్పుడప్పుడూ వచ్చే సూపర్‌వైజర్ కూడా బర్రె ఈనిందని తెలిస్తే ఆ వారం వచ్చి, కొట్టం వైపు వీపు పెట్టి కూర్చుని జున్ను తిని పోయేవాడు. ఆ పంపకాల్లో దూడ వంతు చివరన వచ్చేది. ముర్రుపాలు ఎక్కువ తాగితే దూడకు పారుడు పడుతుందని, విరేచనాలతో చస్తుందని మేమందరం నమ్మేవాళ్ళం. అందుకని దాన్ని పొదుగు దగ్గర ఒక్కసారి మూతి పెట్టనిచ్చి, బర్రె పాలు చేపగానే లాగి గుంజకు కట్టేవాళ్ళు. పది ఇళ్ళ గిన్నెలు నిండాక మళ్ళీ విప్పేవాళ్ళు. అప్పటికి పొదుగులో ఏముంటుందో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. దూడ ఆరోగ్యం కోసమే కదా ఇదంతా.

బేగం మొదటి దూడ నేను రాకముందే చనిపోయింది. రెండోది నేను వచ్చిన ఏడాది పుట్టింది. మొదటిది దిష్టి తగిలి పోయిందని ఖాలా నమ్మకం. ఆమె మాటల్లో నజర్. అందుకని రెండోదానికి ఆమె చేసిన కట్టుదిట్టాలు ఒక అధికారి పర్యటనకు కూడా ఎవరూ చేసి ఉండరు. దర్గా నుంచి తెచ్చిన తాయెత్తు మెడలో కట్టింది. మా అత్తమ్మ నిమ్మకాయలు, ఎండు మిరపకాయలు గుచ్చి ఇస్తే అవి కొట్టం ముందు వేలాడదీసింది. హైదర్ భాయ్ తన పాత గని బూటొకటి తెచ్చి పైన కట్టాడు. ఆఖరున దూడ నుదుటి మీద కాటుక చుక్క పెట్టాలన్నారు. పెట్టింది. దూడ నల్లది, కాటుక నల్లది. ఎంత పెట్టినా కనబడలేదు. దిష్టి పెట్టేవాళ్ళకు కనబడని చుక్క ఎందుకని పెద్ద చర్చ జరిగింది. చివరకు సున్నం తెచ్చి రూపాయి బిళ్ళంత తెల్లచుక్క పెట్టారు. ఆ చుక్క రోడ్డు మీది నుంచి కూడా కనిపించేది. దాన్ని చూడటానికి వేరే వరుసల నుంచి జనం వచ్చారు. దిష్టి తగలకుండా పెట్టిన చుక్కను చూడటానికి వచ్చినన్ని కళ్ళు ఆ దూడ మీద ఇంకెప్పుడూ పడలేదు.

జున్ను మాత్రం ఎప్పటిలాగే వరుసంతా తిన్నది. నేనూ తిన్నాను. దూడ వారం తిరగకుండా చనిపోయింది.

తర్వాత దాని చర్మంలో గడ్డి కూర్చి బొమ్మ దూడను చేశారు. దూడ పక్కన లేకపోతే బర్రె పాలు చేపదు, అందుకని అప్పట్లో అలా చేసేవారు. పొద్దున, సాయంత్రం హైదర్ భాయ్ ఆ గడ్డి దూడను చంకలో పెట్టుకుని కొట్టంలోకి తీసుకుపోయేవాడు. బేగం దాన్ని నాకేది. ఆయన ఇంకో వైపు చూస్తూ నిలబడేవాడు. ఒకసారి వానకు తడవకూడదని దాన్ని ఇంట్లో పెట్టారు. కాసిపేట నుంచి వచ్చిన ఖాలా తమ్ముడు మధ్యాహ్నం కునుకు తీసి, పక్కన దూడను చూసి, టీ కూడా తాగకుండా బస్సెక్కాడు.

ఈ దూడ చావుకు ఒక దోషి కావాలి. ఖాలాకు దొరికింది లచ్చవ్వ. మా వరుస నడుమ ఇల్లు ఆమెది. అంతకుముందే నల్లా దగ్గర బిందెల వరుస గురించి ఇద్దరికీ తగువై మాటలు లేవు. లచ్చవ్వ చూపు పదునుగా ఉంటుందని అందరూ అనేవారు. నిజానికి ఆమెకు దూరంవి సరిగా కనబడక కళ్ళు చికిలించి చూసేది. ఖాలా నల్లా దగ్గర నిలబడి, కొందరి కండ్లు మంచివి కావని, ఆ కండ్లే తన రెండు దూడలనూ తిన్నాయని పేరు చెప్పకుండా చెప్పింది. పేరు చెప్పకపోయినా అందరూ లచ్చవ్వ వైపే చూశారు.

లచ్చవ్వ బిందె కింద పెట్టింది. అరవలేదు. "నా కండ్లు తిన్నయా? ఏ ఇంటికి జున్ను పోయింది, ఏ ఇంటికి పోలేదు, నువ్వే చెప్పు ఖాజాబీ. పది ఇండ్లోళ్ళు దాని పాలు తాగిండ్రు. నా ఇంటికి ఒక్క గిన్నె రాలె. నీ దూడకు తగిలింది కండ్ల దిష్టి కాదు, నోళ్ళ దిష్టి. గా నోళ్ళల్ల నా నోరు లేదు."

బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. మేమందరం ఖాలా వైపు చూశాం, ఇక మొదలవుతుందని. ఆమె బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి, అది ఆమె చూడలేదు. ఆమె మౌనంగా ఉండటం మా వరుస అప్పుడే మొదటిసారి చూసింది. మా అత్తమ్మ ఇంటికొచ్చి, ఖాజాబీకి జ్వరమొచ్చినట్టుందని చెప్పింది.

తనకు గిట్టని మనిషి నోటి నుంచి వచ్చిన మాటను, గిట్టని మనిషి అన్నదని పారేయకుండా ఇంటికి తీసుకుపోయి ఆలోచించడం చాలా కష్టం. నేను ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివాను. ఆ పని ఎలా చేయాలో చెప్పిన పుస్తకం నాకు దొరకలేదు. ఖాలా చేసింది. లచ్చవ్వతో మాత్రం మాట్లాడలేదు. అది వేరే సంగతి.

బేగం మళ్ళీ చూలు కట్టింది. ఈసారి ఈనేనాటికి నేను కూడా నెలలు నిండుతూ ఉన్నాను. ఖాలాకు ఒకటే పట్టుదల, ఈ మూడో దూడ బతకాలి. అది కూడా పోతే బర్రెనే అమ్మేస్తానని, గడ్డి దూడను చంకన వేసుకునే మొగుణ్ణి ఇంకోసారి చూడలేనని నాతో అంది. ఆ మాట నవ్వుతూనే అంది గాని కళ్ళు నవ్వలేదు. బేగం ఈనడానికి ముందే నల్లా దగ్గర ప్రకటన చేసింది. "ఈసారి దూడ తాగినంక మిగిల్తెనే జున్ను. మిగలకపోతే లేదు. గిన్నె పట్టుకొని వస్తె చీపురు పట్టుకొని వస్త." అందరూ నవ్వారు. ఎవరూ నమ్మలేదు.

ఒక తెల్లవారి మొదటి షిఫ్టు సైరన్ మోగే వేళకు బేగం ఈనింది. మగ దూడ. మగ దూడ అంటే పాలివ్వదు, బొగ్గు ఊళ్ళో దున్నడానికి పొలమూ లేదు. ఇక ఖాలా మెత్తబడుతుందని, దున్నపోతు కోసం జున్ను ఆపేంత పిచ్చిది కాదని అందరూ అనుకున్నారు. మా అత్తమ్మ జొన్న గటకలో బెల్లం కలిపి పెద్ద గిన్నెతో బేగంకు తీసుకుపోయింది. ఈనిన బర్రెకు బాగా పెడితేనే బాగా పాలిస్తుందని, బుక్కెడు పెడితే బుక్కెడేనని అందరికీ వినబడేలా చెప్పి, వచ్చేటప్పుడు ఖాళీ గిన్నె అక్కడే మరిచిపోయినట్టు పెట్టి వచ్చింది. సాయంత్రానికి ఆ గిన్నె కడిగి బోర్లించి మా గడప మీద ఉంది.

అప్పుడు మా వరుసకు విషయం అర్థమైంది. రెండు రోజులపాటు ఇంకో మాట లేదు. హైదర్ భాయ్ డ్యూటీకి వెనక సందు గుండా పోవడం మొదలుపెట్టాడు. ఫిట్టర్లందరికీ ఆయన జున్ను ఒప్పుకుని ఉన్నాడు. ఎవరైనా పట్టుకుని అడిగితే, పిలగాడు పెద్దగైనంక బాయిల పెట్టిస్త, అందరి బాకీ తీరుస్తడు అనేవాడట. సూపర్‌వైజర్ వచ్చి కాసేపు తచ్చాడి, ఈసారి మొదటిసారిగా కొట్టం వైపు చూసి, బెల్టు ముక్కలు సరిగా కప్పలేదని చెప్పి పోయాడు.

చివరకు వాళ్ళకు నేను గుర్తొచ్చాను. కడుపుతో ఉన్న మనిషి అడిగితే ఎవరూ కాదనకూడదు. నాకు జున్ను మీద మనసు పుట్టిందని వరుసంతా కలిసి నిర్ణయించింది. నన్నెవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నాకు మనసు ఉంది కూడా. మా అత్తమ్మ మూత గట్టిగా ఉన్న డబ్బా ఒకటి చేతిలో పెట్టి పంపింది. మూడిళ్ళకు సరిపడే డబ్బా అది.

ఖాలా కొట్టంలో బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. నన్ను చూసింది, డబ్బాను చూసింది. ఇంకో బకెట్ బోర్లించి కూర్చోమంది. దూడ పొదుగు దగ్గర ఉంది. ముందుకాళ్ళు వంచి, తలతో పొదుగును కుమ్ముతూ తాగుతోంది. తోక ఊగుతోంది. మూతి చుట్టూ పసుపుపచ్చని నురగ. బేగం మెడ వెనక్కి తిప్పి దాని వీపు నాకుతోంది. అక్కడ వెంట్రుకలు తడిసి ఒక వైపుకు పడుకున్నాయి. నేను అంతకుముందు దూడ తాగుతుంటే చూడలేదని కాదు. తాగడం మొదలుపెట్టగానే లాగేయడం చూశాను గాని, తాగడం పూర్తయ్యేదాకా ఎప్పుడూ చూడలేదు.

చాలాసేపయ్యాక ఖాలా అంది, "నువ్వు కడుపుతోని ఉన్నవ్, నీకు నక్కో, ఇయ్య పో అంటే నాకు పాపం. నువ్వే చెప్పు బేటీ. దాని నోట్లకెల్లి గుంజి నీకియ్యాల్నా? ఇయ్యమంటే ఇస్త."

నేను ఖాళీ డబ్బాతో ఇంటికొచ్చాను. మా అత్తమ్మ ఏమైందని అడిగితే, దూడ ఇంకా తాగుతోందని చెప్పాను. మర్నాడు కూడా అడిగింది. ఇంకా తాగుతూనే ఉందన్నాను. అది దూడనా, బాయిల నీళ్ళు తోడే పంపా అని ఆమె అడిగింది.

అంతలో దూడకు పారుడు పట్టుకుంది. పొద్దున్నకల్లా పడుకుంది, లేవలేదు. వరుసలో ఒక్కొక్కరే వచ్చి చూసి, మేం ముందే చెప్పాం కదా అన్న ముఖాలతో పోయారు. నోటితో అన్నవాళ్ళూ ఉన్నారు, మా అత్తమ్మ వాళ్ళలో ఒకరు. ఖాలా ఎవరినీ తిట్టలేదు. దాంతో మాకు భయం వేసింది. దూడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఇంక పాలు ఆపాల్నా, ఆపొద్దా అని నన్ను అడిగింది. నాకేం తెలుసు. ఆమెకూ తెలియదు. లచ్చవ్వ మాట పట్టుకుని ఇంతదూరం వచ్చింది, ఆ మాట ఇక్కడితో ఆగిపోయింది. ఇంకా ముందుకు ఎట్లా పోవాలో ఆ మాటలో లేదు.

హైదర్ భాయ్ డ్యూటీ నాగా పెట్టి సైకిల్ మీద పశువుల దవాఖానకు పోయి కంపౌండరును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన దూడ కనురెప్ప ఎత్తి చూశాడు, నేల మీద కాలితో రాసి చూశాడు. పాల తప్పేమీ లేదని, ముర్రుపాలు తాగింది కాబట్టే ఈపాటికి బతికి ఉందని చెప్పాడు. తప్పంతా నేలది. బెల్టు ముక్కల సందుల్లోంచి నీళ్ళు కారి కొట్టమంతా బురద, ఆ బురదలో బర్రె పడుకుంటే పొదుగుకు అంటుకుంటోంది, దూడ అదే నోట్లో పెట్టుకుంటోంది. నేల ఆరబెట్టాలి, పొదుగు కడిగి పాలు తాగనివ్వాలి, మధ్య మధ్య కాచిన నీళ్ళలో ఉప్పు, చక్కెర వేసి పట్టాలి, పాలు మాత్రం ఆపకూడదు. ఒక మందు రాసిచ్చాడు. పోతూ పోతూ, జున్ను ఏమైనా ఉందా అని అడిగాడు. హైదర్ భాయ్ తల దించుకున్నాడు.

నేల ఆరాలంటే బూడిద కావాలి. బొగ్గు పొయ్యిల ఊళ్ళో బూడిదకేం కరువు. కాని అప్పటికి ఖాలాతో సరిగా మాట్లాడే ఇల్లు వరుసలో ఒక్కటీ లేదు. ఆమె ఎవరినీ అడగలేదు. మొదటి తట్ట బూడిద లచ్చవ్వ తెచ్చింది. తెచ్చి కొట్టంలో పోసి, కాలితో పరిచి, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పింది. "నీ మీద ప్రేమతోని, పావురంతోని తేలె. ఇది గిన సచ్చిందనుకో, ఊరంత మళ్ళ నా కండ్లే అంటది. గందుకే తెచ్చిన."

ఖాలా "హౌ, గదే మంచిది" అంది. రెండేళ్ళ తర్వాత వాళ్ళిద్దరి మధ్య జరిగిన మొదటి సంభాషణ అది.

లచ్చవ్వ తెచ్చిందని తెలిశాక మిగతావాళ్ళు ఊరుకోలేదు. సాయంత్రానికి కొట్టంలో చీలమండల లోతు బూడిద ఉంది. మా అత్తమ్మ ఉప్పు చక్కెర నీళ్ళు కాచి పంపింది, చక్కెర కొంచెం ఎక్కువే వేసి. పిలవకుండానే నలుగురు ఫిట్టర్లు వచ్చి బెల్టు ముక్కలు సరిగా కప్పారు. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు ఇంటికి పోయేముందు అటు తొంగి చూసి, దూడ ఎట్లున్నది భాయ్ అని అడిగి పోయేవారు. జున్ను అడిగినవాళ్ళు లేరు. మర్నాడు మధ్యాహ్నం దూడ లేచి నిలబడింది. నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు పోయాయి. ఎట్లాగో సర్దుకుని, దగ్గరున్న లచ్చవ్వ చీర మీద మూత్రం పోసింది. ఖాలా చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. లచ్చవ్వ చీర పిండుకుంటూ, కడుపుల నీళ్ళు నిలుస్తున్నయి, బతుకుతది అంది.

దాని గుంజకు మళ్ళీ తాడు కట్టలేదు. అది ఎప్పుడు కావాలంటే అప్పుడు తాగేది. ముర్రుపాల రోజులు అట్లాగే గడిచిపోయాయి, ఆ ఏడాది మా వరుసలో జున్ను వండలేదు. తర్వాత తర్వాత ఆడవాళ్ళు పిల్లల వయసులు లెక్కపెట్టడానికి ఆ సంగతి వాడేవారు. మా నడిపోడు ఖాజాబీ జున్ను పెట్టని ఏడాది పుట్టిండు అనేవారు.

ఆ ఏడాదే నా కూతురు పుట్టింది. నెల తక్కువకు పుట్టింది, చిన్నగా ఉంది. దవాఖానలో నా మంచం చుట్టూ వరుసలో ఆడవాళ్ళందరూ చేరారు. మా అత్తమ్మ చక్కెర నీళ్ళ గిన్నె, దూది వత్తి సిద్ధం చేసి పెట్టుకుంది. తల్లి మొదటి పాలు మురికివని, మూడు రోజులు పిండి పారబోయాలని ఆమెకు వాళ్ళ అత్త చెప్పింది. ఆమె చెడ్డది కాదు. తన ముగ్గురు పిల్లలకూ అట్లాగే చేసింది. నర్సు రెండుసార్లు వచ్చి, పిల్లకు వెంటనే తల్లి పాలే పట్టాలని, ఆ పాలే మందని చెప్పింది. గోడ మీద బొమ్మతో సహా రాసి కూడా ఉంది. మా అత్తమ్మ నర్సు చెప్పినప్పుడల్లా తల ఊపి, ఆమె పోగానే దూది తడిపేది. పిల్ల ఏడ్చే ఓపిక కూడా లేక సన్నగా మూలుగుతోంది. నాకు బేగం దూడ కనబడుతోంది గాని, అత్తమ్మ చేతిలో గిన్నె వద్దని చెప్పే నోరు నాకు లేదు.

ఖాజాబీ ఖాలా వచ్చింది. బురఖా పైకి ఎత్తి, అందరినీ తోసుకుని మంచం దగ్గరకు వచ్చి, దూది వత్తిని చూసింది.

"బర్రె ముర్రుపాలకు గిన్నె పట్టుకొని నా వాకిట్ల నిలబడ్డవ్ గద రాజక్కా. కోడలి ముర్రుపాలు గోడకు పిండుమంటున్నవా?"

"మనిషికి, బర్రెకు పోలికా?" అంది మా అత్తమ్మ.

"లేదు. బర్రెకు తెలివి లేదు. ఉంటె అది గూడ పిండి పారబోస్తుండె."

ఎవరో నవ్వారు. మా అత్తమ్మ నవ్వలేదు. గిన్నెలోకి చూస్తూ, దూడ ఎట్లా ఉందని అడిగింది.

"పొద్దుగాల నీ ఆకుపచ్చ చీర కొంగు తిన్నది. తాడు మీద ఆరేసింది."

"మొత్తమా?"

"కొంగు మొత్తం. ఇంకా గుంజుతుంటే నేనే ఇడిపించిన."

మా అత్తమ్మ ఆ మాట మీద చాలాసేపు ఆలోచించింది. చీర గురించి అనుకున్నాం. అప్పుడు గిన్నె కింద పెట్టి, పిల్లను ఎత్తి నా పక్కలో పెట్టింది. నర్సు చెబితే వినలేదు, గోడ మీది బొమ్మ చూసి వినలేదు. తన చీర తినగలిగేంత బలం ఆ దూడకు ఏ పాలతో వచ్చిందో తనే లెక్క వేసుకుని విన్నది. పిల్ల కాసేపు వెతుక్కుని, పట్టుకుంది. అందరూ దాని మీదికి వంగారు. ఆడపిల్లా అని ఎవరో నిట్టూరిస్తే, బర్రె, ఈమె ఒకరిదొకరు మార్చుకున్నరు, పోయి మార్చి తీసుకరాండ్రి అని ఖాలా అంది. ఈసారి మా అత్తమ్మ కూడా నవ్వింది.

అందరూ పిల్ల ఎవరి పోలికో తేల్చే పనిలో ఉన్నారు. ఖాలా పిల్లను ఇంకా చూడనే లేదు. నా తల దగ్గరకు వచ్చి, "ఏం తిన్నవ్?" అని అడిగింది.

పత్యమని పొద్దున గుప్పెడు అన్నంలో వెల్లుల్లి కారం కలిపి పెట్టారు. నీళ్ళు రెండు గుక్కలు. అదే చెప్పాను. చెబుతుంటే ఎందుకో ఏడుపు వచ్చింది. ఆ మాట నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఇంట్లో తల్లి ఉన్నవాళ్ళకు ఆ మాట ఎవరో ఒకరు అడుగుతారు, వాళ్ళకు అది మాట అని కూడా తెలియదు. ఖాలా మా అత్తమ్మ వైపు తిరిగి, నువ్వే గద బుక్కెడు పెడితే బుక్కెడే ఇస్తదన్నవ్ అని మాత్రం అని, టిఫిన్ డబ్బా విప్పింది. మెత్తని రొట్టెలు, మేక కాళ్ళ పులుసు. రొట్టె తుంచి పులుసులో ముంచి నా చేతికి ఇచ్చింది. నేను తినడం అయ్యేదాకా మంచం మీద అట్లాగే కూర్చుంది, పిల్ల పాలు తాగడం అయ్యేదాకా నేను ఉన్నట్టే. తర్వాత లోటాడు నీళ్ళు తాగించి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఏది, ఇప్పుడు చూపియ్యి అంది.

ఆ దూడను ఏడాది తర్వాత నది అవతలి ఊరి రైతు ఒకాయన తీసుకుపోయాడు. అప్పటికి అది వరుసలో ఎన్ని బట్టలు తిన్నదో లెక్క లేదు. హైదర్ భాయ్ ఉద్యోగం అయిపోయాక వాళ్ళు కూతురి దగ్గరకు మంచిర్యాల పోయారు. ముందు ఆయన పోయాడు. ఖాలా ఆఖరి రోజుల్లో నన్ను గుర్తుపట్టలేదు. నేను పోయినప్పుడల్లా ఎవరు నువ్వు అని తిట్టినట్టే అడిగేది. లచ్చవ్వను మాత్రం గుర్తుపట్టేది. ఆమెను మట్టిలో పెట్టిన రోజు నేను, లచ్చవ్వ కలిసి బస్సులో పోయి కలిసి వచ్చాం. దారిలో లచ్చవ్వ కిటికీలోంచి చూస్తూ, చివరిదాక ఒక్కలతోని మాట పడలేదు ముండది అంది.

నా కూతురు నడవడం నేర్చాక నాకు అంగన్‌వాడీలో పని దొరికింది, ఇప్పటికీ చేస్తున్నాను. పిల్లలను తూచడం నా పనిలో ఒకటి. పోయిన వారం ఒక అమ్మాయి నెల బిడ్డను తీసుకుని వచ్చింది. వెంట వచ్చిన అత్త పిల్లవాణ్ణి గుడ్డలు విప్పి, తక్కెడ దగ్గరకు తెచ్చి, ఎంత ముద్దుగా ఉన్నాడో చూడమంటోంది. నేను ఆ అమ్మాయి ముందు అన్నం, పప్పు, ఉడికిన గుడ్డు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. అమ్మాయి మెల్లగా తింటోంది. అత్త ఇంకోసారి చెప్పింది, నేను కదల్లేదు. ఆమెకు కోపం వచ్చి, అదే సమయానికి వచ్చిన మా సూపర్‌వైజరమ్మకు ఫిర్యాదు చేసింది. ఈ టీచరుకు పిల్లలంటే పావురం లేదు, వచ్చినప్పటి నుంచి మా పిలగాని దిక్కు చూడలేదు అంది. సూపర్‌వైజరమ్మ ఏమిటమ్మా అన్నట్టు నా వైపు చూసింది.

చూస్తానండి, తల్లి తినడం అయిపోనీయండి అన్నాను.